పదకొండు ముప్పావు అడుగులు: ఐదో తరగతికి ఒక ఇంటర్నెట్ పాఠం



జూలై, ఆగస్టు నెలలు వచ్చాయంటే మన గోదావరి జిల్లాల్లో టీవీ అడుగున ఒక లైను పరుగెడుతూ ఉంటుంది: ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు, మొదటి ప్రమాద హెచ్చరిక జారీ. రాజమండ్రిలో ఉన్నవాళ్ళం సాయంత్రం పుష్కర్ ఘాట్‌కి వెళ్ళి ఎర్రనీళ్ళు చూసి, ఫొటో తీసుకుని వచ్చేస్తాం. లంకల్లో ఉన్నవాళ్ళ సంగతి వేరు. గేదెల్ని ఇప్పుడే గట్టెక్కించాలా, రేపటిదాకా ఆగొచ్చా, బియ్యం అటక మీద పెట్టాలా, అమ్మమ్మని ముందే పంపేయాలా అని రాత్రంతా లెక్కలేసుకుంటారు.

ఆ ఇళ్ళల్లో ఐదో తరగతి చదివే పిల్లలు కూడా ఉంటారు. వాళ్ళ లెక్కల పుస్తకంలో భిన్నాలూ దశాంశాలూ ఉన్నాయి. పరిసరాల పుస్తకంలో నదులున్నాయి. కానీ టీవీలో పోతున్న ఆ అంకె తమ పుస్తకంలోదేనని ఎవరూ చూపించకపోతే, 11.75 వాళ్ళకి ఒక భయం మాత్రమే. అర్థమైతే అదే ఒక సమాచారం. భయానికీ సమాచారానికీ మధ్య ఉన్న దూరాన్ని ఒక ప్రాథమిక బడి తగ్గించగలదా? అందులో ఇంటర్నెట్ ఎంతవరకు సాయపడుతుంది? ఈ వ్యాసంలో చూద్దామనుకున్నది అదే. ఊరికే మంచి వెబ్‌సైట్ల జాబితా ఇస్తే చదివి మర్చిపోతాం. అందుకని ఒకే ఒక్క పాఠం తీసుకుని, మొదటి నుంచి చివరిదాకా నడిపి చూద్దాం.

వస్తువు వచ్చింది, మరి పాఠం?

బడిలో పరికరాల కొరత మునుపటంత లేదు. 2019 నవంబర్ 14న మన రాష్ట్రంలో నాడు-నేడు మొదలయ్యాక చాలా బడుల రూపు మారింది. హైస్కూళ్ళకి పెద్ద టచ్ ప్యానెళ్ళు, చాలా ప్రాథమిక బడులకి స్మార్ట్ టీవీలు వచ్చాయి. పాఠ్యపుస్తకంలో ఒక పక్క తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లీషు ఉంటున్నాయి. పాఠం దగ్గర క్యూఆర్ కోడ్ ఉంటుంది. 2017లో కేంద్రం మొదలుపెట్టిన దీక్ష యాప్‌తో దాన్ని స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు, అభ్యాసాలు తెరుచుకుంటాయి.

ఇంతవరకు బాగానే ఉంది. కానీ తెర ఉన్నంత మాత్రాన పాఠం అయిపోదు. ఈ విషయం మన దేశం యాభై ఏళ్ళ కిందటే నేర్చుకుంది. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా ఇస్రో 'సైట్' అనే ప్రయోగం చేసింది. నాసా వాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహం సాయంతో ఆంధ్రప్రదేశ్‌తో కలిపి 6 రాష్ట్రాల్లో సుమారు 2400 ఊళ్ళకి నేరుగా టీవీ కార్యక్రమాలు పంపారు. పొద్దున బడిపిల్లలకి, సాయంత్రం ఊరందరికీ. అప్పుడు కూడా టీచర్లకి విడిగా శిక్షణ పెట్టాల్సి వచ్చింది. ఎందుకంటే తెర మీద బొమ్మ అయిపోయాక పిల్లాడు అడిగే ప్రశ్నకి జవాబు చెప్పాల్సింది ఉపగ్రహం కాదు, గదిలో ఉన్న పంతులుగారే. ఉపగ్రహం పోయి ఫైబర్ వచ్చింది గానీ ఈ మాట మాత్రం మారలేదు.

ముందు మూడు ప్రశ్నలు

ఏ వీడియో అయినా, ఏ వెబ్‌సైట్ అయినా ఐదో తరగతి గదిలోకి తెచ్చేముందు మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు.

ఒకటి: ఇది గదిలోకి తేలేనిదేనా? చింతచెట్టు ఆకు గురించి చెప్పడానికి తెర ఎందుకు, కిటికీలోంచి చెయ్యి చాపితే అందుతుంది. ఆకాశం నుంచి గోదావరి ఎలా కనబడుతుందో చూపించాలంటే మాత్రం తెర కావాలి.

రెండు: తెర వెలిగేముందు పిల్లల దగ్గర ఏ ప్రశ్న ఉంది? ప్రశ్న లేకుండా చూసిన వీడియో సినిమా పాటలాంటిది. బాగుంటుంది, వెళ్ళిపోతుంది.

మూడు: తెర ఆరిపోయాక పిల్లల చేతులు ఏం చేస్తాయి? గీస్తాయా, కొలుస్తాయా, రాస్తాయా, ఏదైనా తయారు చేస్తాయా? ఏమీ లేకపోతే ఆ పాఠం ఇంకా పూర్తవలేదన్నమాట.

ఈ మూడింటికీ జవాబు దొరికిన చోటే నెట్ వాడదాం. మన వరద పాఠాన్ని ఆరు పీరియడ్లుగా చేద్దాం. అందులో రెండు పీరియడ్లకి నెట్ అసలు అక్కర్లేదని మీకే తెలుస్తుంది.

మొదటి పీరియడ్: గోడ మీద గీత

నెట్ అవసరం లేదు. ముందురోజే పిల్లలకి పని ఇవ్వాలి. ఇంట్లో తాతయ్యనో నాయనమ్మనో అడగండి: 1986 ఆగస్టు వరదలో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయి? అమ్మానాన్నల్ని అడగండి: 2022 జూలై వరదలో ఎక్కడిదాకా వచ్చాయి? గుమ్మం దాకానా, కిటికీ దాకానా, అసలు రాలేదా?

మర్నాడు పిల్లలు తెచ్చిన జవాబులు బోర్డు మీద రాయాలి. నీళ్ళు ఇంట్లోకి వచ్చినవాళ్ళు ఆ ఎత్తుని టేపుతో కొలిచి వస్తారు. రాని ఊళ్ళ పిల్లలు "మా ఊరికెందుకు రాలేదండీ?" అని అడుగుతారు. ఆ ప్రశ్న దొరికిందంటే సగం పాఠం అయిపోయినట్టే. ఒకళ్ళు మోకాలి లోతంటారు, ఒకళ్ళు నడుం లోతంటారు. ఎవరి మోకాలు, ఎవరి నడుం అని నవ్వుకున్నాక, కొలతకి అడుగులూ అంగుళాలూ ఎందుకు కావాలో ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది.

రెండో పీరియడ్: ఆకాశం నుంచి మన బడి

ఇక్కడ నెట్ కావాలి. గూగుల్ ఎర్త్ తెరవొచ్చు, లేదా హైదరాబాద్‌లోని ఎన్ఆర్ఎస్‌సీ నుంచి ఇస్రో నడిపే భువన్ తెరవొచ్చు. భువన్ 2009 నుంచి ఉంది.

గుర్తుంచుకోవాల్సింది ఒకటే. భూగోళం చూపించి తిప్పుతూ ఊరికి దిగకూడదు. మన బడి కప్పు మీద మొదలుపెట్టి మెల్లగా పైకి లేవాలి. బడి కప్పు కనబడగానే పిల్లలు ఎలాగూ అరుస్తారు, అరవనివ్వండి. తర్వాత బడి పక్క కాలవ. తర్వాత ఊరు. తర్వాత లంక మొత్తం. ప్రతి మెట్టు దగ్గరా ఆగి, "ఇప్పుడు కొత్తగా ఏం కనిపించింది?" అని అడగాలి. ఇంకొంచెం లేస్తే రెండు పెద్ద పాయలు కనబడతాయి. తూర్పున గౌతమి, పడమర వసిష్ఠ. ఆ రెండిటి నడుమ కోనసీమ. వసిష్ఠ నుంచి చీలిన వైనతేయ కూడా కనిపిస్తుంది. పాయల్ని వేలితో పట్టుకుని ఎదురు వెళితే అన్నీ ఒకే చోట కలుస్తాయి. నదికి అడ్డంగా సన్నటి గీత. అదే ధవళేశ్వరం.

కాటన్ దొర పేరు వినని పిల్లలు మన వైపు తక్కువ. కానీ ఆయన కట్టింది ఏమిటో, ఎక్కడో ఆకాశం నుంచి చూస్తే బోధపడుతుంది. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట అది. ఇప్పుడు మనం చూసేది ఆ తర్వాత కట్టిన బ్యారేజి, దానికి 175 గేట్లు. డెల్టా పచ్చగా ఉండటం, ఎగువన అంత పచ్చదనం లేకపోవడం ఉపగ్రహ చిత్రంలో రంగుల తేడాగా కనబడుతుంది. కాలవ నీళ్ళు ఎక్కడిదాకా వెళతాయో ఆ రంగే చెబుతుంది.

గూగుల్ ఎర్త్‌లో టైమ్‌లాప్స్ అని ఇంకోటి ఉంది. 1984 నుంచి ఏడాదికో చిత్రం చొప్పున నేల ఎలా మారిందో కదిలే బొమ్మలా చూపిస్తుంది. లంకల అంచుల దగ్గర పెట్టి చూస్తే, ఏటిగట్టు కోతకి గురైన చోట్లు, కొత్తగా ఇసుక మేట వేసిన చోట్లు కనబడతాయి. "మా తాతయ్య పొలం ఏట్లో కలిసిపోయింది" అని పిల్లలు ఇంట్లో విన్న మాట అది.

తెర ఆపాక చేతులకి పని. బడి వరండాలో ముగ్గుపిండితోనో సుద్దతోనో గోదావరి పాయలు గీయించాలి. ఒక్కొక్కళ్ళు తమ ఊరు ఉన్న చోట నిలబడాలి. బ్యారేజి దగ్గర నిలబడ్డ పిల్ల "నీళ్ళు వదులుతున్నా" అనగానే ముందు ఎవరికి చేరతాయి, తర్వాత ఎవరికి? "మా ఊరికెందుకు రాలేదు" అన్న మొదటిరోజు ప్రశ్నకి సగం జవాబు ఈ ముగ్గులోనే ఉంది.

మూడో పీరియడ్: ముప్పావు

ఇప్పుడు 11.75 దగ్గరికి వద్దాం. దశాంశం తర్వాత 75 అంటే ఏమిటని అడిగితే చాలామంది పిల్లలు డెబ్బై ఐదు అంగుళాలు అంటారు. ఇది వాళ్ళ తప్పేమీ కాదు, చుక్కని అలా చదవడం సహజం.

కానీ వీళ్ళే కొట్టుకెళ్ళి "పావు కేజీ పంచదార, ముప్పావు కేజీ కందిపప్పు" అని చక్కగా తెచ్చేస్తారు. పావు, అర, ముప్పావు అనేవి మన భాషలో పుట్టి పెరిగిన భిన్నాలు. పుస్తకంలోని నాలుగింట మూడు వంతులు అదే ముప్పావు. 0.75 కూడా అదే ముప్పావు. కాబట్టి 11.75 అడుగులంటే పదకొండు ముప్పావు అడుగులు. అడుగుకి 12 అంగుళాలు, అందులో ముప్పావు 9. అంటే 11 అడుగుల 9 అంగుళాలు. మన ధవళేశ్వరంలో మూడు హెచ్చరికల అంకెలూ ముప్పావుతోనే ముగుస్తాయి: మొదటిది 11.75, రెండోది 13.75, మూడోది 17.75. లెక్కల టీచరు కోరి అడిగినా ఇంతకంటే మంచి ఉదాహరణలు దొరకవు.

ఇక్కడ పనికొచ్చే నెట్ వనరు ఫెట్. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో, భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన సిమ్యులేషన్ల సంస్థ అది. మనలో చాలామందికి సర్క్యూట్ల సిమ్యులేషన్ దగ్గర పరిచయమే. అందులో చిన్నపిల్లలకి భిన్నాలు పరిచయం చేసేది ఒకటుంది. వృత్తం, కేకు, బీకరు, సంఖ్యారేఖ, దేనితోనైనా భిన్నాన్ని చూపిస్తుంది. కేకులో నాలుగు ముక్కలు చేసి మూడు పెట్టినప్పుడు, బీకరులో ముప్పావు వంతు నీళ్ళు నింపినప్పుడు, సంఖ్యారేఖ మీద చుక్క జరిగినప్పుడు మూడూ ఒకటేనని కంటికి కనబడుతుంది. ఫెట్ సిమ్యులేషన్లు ఒకసారి దించుకుంటే నెట్ లేకుండా కూడా నడుస్తాయి. కొన్నిటికి తెలుగు అనువాదాలూ ఉన్నాయి.

తర్వాత బడి గోడ మీద టేపు పెట్టి 11 అడుగుల 9 అంగుళాలు ఎక్కడికొస్తుందో చూడమనండి. గది పైకప్పు దాటిపోవచ్చు. అప్పుడు పిల్లలు తప్పకుండా ఇలా అడుగుతారు: "అంత నీళ్ళొస్తే మేం మునిగిపోవాలి కదండీ, మరి ఎందుకు మునగలేదు?" ఈ ప్రశ్నని చెరపకుండా బోర్డు మీద ఒక మూల ఉంచండి. దాని సంగతి ఐదో పీరియడ్‌లో తేలుతుంది.

నాలుగో పీరియడ్: సెకనుకు ఎన్ని గదులు?

మళ్ళీ నెట్ అక్కర్లేదు. టీవీలో వచ్చే రెండో మాట క్యూసెక్కు. సెకనుకి ఒక ఘనపు అడుగు నీళ్ళు. అంటే 28 లీటర్ల పైచిలుకు, 20 లీటర్ల మంచినీళ్ళ డబ్బాలు ఒకటిన్నరకి కాస్త తక్కువ. ముందు అట్టపెట్టె కత్తిరించి, అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉండేలా ఒక డబ్బా చేయించాలి. అదే ఘనపు అడుగు.

ఇప్పుడు పిల్లలే తరగతి గదిని కొలవాలి. పొడవు 20 అడుగులు, వెడల్పు 20, ఎత్తు 10 అనుకోండి. 20 ఇంటూ 20 ఇంటూ 10, మొత్తం 4000 ఘనపు అడుగులు. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక సమయానికి సముద్రంలోకి వదిలే నీళ్ళు సుమారు 10 లక్షల క్యూసెక్కులు. పది లక్షల్ని నాలుగు వేలతో భాగిస్తే 250. సెకనుకి 250 తరగతి గదుల నీళ్ళు! చప్పట్లు కొట్టి "ఒకటి" అనేలోపు 250 గదులు వెళ్ళిపోయాయి.

రెండో హెచ్చరిక 13 లక్షలు, మూడోది 17 లక్షలు. 1986లో వచ్చినవి 35 లక్షలు, 2022లో 25 లక్షల పైచిలుకు. మిగతా భాగహారాలు పిల్లలే చేస్తారు. 35 లక్షలకి 875 గదులు అని తేలాక, తాతయ్య చెప్పిన కథ కట్టుకథ కాదని కూడా తేలుతుంది. బొమ్మలేవీ లేని పీరియడ్ ఇది. అయినా పిల్లలకి ఎక్కువ గుర్తుండేది ఇదే కావచ్చు. తెర అవసరం లేని చోట దాన్ని ఆపేయడం కూడా నెట్ వాడటంలో భాగమే.

ఐదో పీరియడ్: భద్రాచలం నుంచి కబురు

వరద మనకి చెప్పకుండా రాదు. పైన భద్రాచలంలో పెరిగిన నీళ్ళు మన దగ్గరికి చేరడానికి సుమారు ఒక రోజు పడుతుంది. ఆ ఒక్క రోజే లంకవాళ్ళకి ఉన్న గడువు. అందుకే ఈ పీరియడ్ అన్నిటికన్నా ముఖ్యం.

కేంద్ర జలసంఘం వరద సూచనల వెబ్‌సైట్‌లో నదుల మీద ఉన్న కేంద్రాల నీటిమట్టాలు గ్రాఫులుగా దొరుకుతాయి. వరద రోజుల్లో భద్రాచలం గ్రాఫు, ధవళేశ్వరం గ్రాఫు పక్కపక్కన పెట్టి చూపిస్తే, పైన కొండలా లేచిన గీత కాస్త ఆలస్యంగా కిందా లేవడం కనబడుతుంది. ఐదో తరగతికి గ్రాఫు కష్టమేమో అనిపించొచ్చు. గళ్ళ కాగితం మీద రోజుకో చుక్క పెట్టించి చూడండి. క్రికెట్ స్కోరు గ్రాఫు చూసే పిల్లలకి ఇదేం కష్టం కాదు.

ఇప్పుడు బోర్డు మూలన ఉన్న ప్రశ్న. భద్రాచలంలో మొదటి హెచ్చరిక 43 అడుగులు, రెండోది 48, మూడోది 53. 1986లో అక్కడ 75.6 అడుగులు, 2022లో 71.3 అడుగులు వచ్చింది. మనకేమో 11.75కే హెచ్చరిక. భద్రాచలంలో నీళ్ళు అంత లోతా? కాదు. ప్రతి చోటా కొలబద్దకి సున్నా ఎక్కడ పెట్టారన్నదే తేడా. దీన్ని గదిలోనే చూపించొచ్చు. గోడ మీద ఒక గీత గీయండి. ఒక టేపు నేల నుంచి, ఇంకో టేపు కిటికీ గట్టు నుంచి పెట్టి కొలవండి. గీత ఒకటే, అంకెలు రెండు. ధవళేశ్వరం అంకె బ్యారేజి దగ్గర కొలబద్ద మీది అంకె. మన గుమ్మంలో నీళ్ళ లోతు కాదు. "మరి మేం ఎందుకు మునగలేదు" అన్న ప్రశ్నకి జవాబు ఇదే.

దీని తర్వాతి ప్రశ్న ఇంకా విలువైనది. ధవళేశ్వరంలో ఎంత ఉంటే మన ఊరి రేవు మునుగుతుంది? ఎంత ఉంటే కాజ్‌వే మునుగుతుంది? ఇది ఏ వెబ్‌సైట్‌లోనూ దొరకదు. ఊళ్ళో పెద్దవాళ్ళకి, పడవ నడిపేవాళ్ళకి తెలుసు. పిల్లలు వాళ్ళని అడిగి ఒక పట్టిక రాసుకోవాలి: ఒక పక్క ధవళేశ్వరం అంకె, ఎదురుగా మన ఊళ్ళో ఏం జరుగుతుంది. ఒక చార్టు మీద రాసి బడి గోడకి అంటిస్తే, వచ్చే వరదకి అది ఊరికే పనికొస్తుంది. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఈ చార్టు అర్థం చేసుకోవడానికే. ఊరు ఖాళీ చేయమని అధికారులు చెబితే చార్టు చూస్తూ కూర్చోకూడదు, కదలాలి.

ఆరో పీరియడ్: మా ఊరి వరద పుస్తకం

ఇంత విన్నాక, కొలిచాక, పిల్లలు రాయాలి. ఇక్కడ స్టోరీవీవర్ చక్కగా పనికొస్తుంది. ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో పెట్టిన వేదిక ఇది. తెలుగుతో సహా ఎన్నో భాషల్లో బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి. చదివే స్థాయిని బట్టి నాలుగు మెట్లుగా ఉంటాయి. ఐదో తరగతిలో ఉన్నా ఇంకా కూడబలుక్కుని చదివే పిల్లలకి మొదటి మెట్టు కథ ఇవ్వొచ్చు, గడగడా చదివేవాళ్ళకి నాలుగో మెట్టు. ఒకే గదిలో ఇద్దరికీ పని దొరుకుతుంది. రెండు మూడు తరగతుల్ని ఒక్కరే చూసుకునే టీచరుగారికి ఇది చిన్న సాయమేమీ కాదు.

ముందు నీళ్ళ గురించో వాన గురించో ఒక కథ చదివించి, తర్వాత పిల్లల చేత వాళ్ళ పుస్తకం చేయించాలి. పేజీకి రెండే వాక్యాలు, ఒక బొమ్మ. "మా గేదె పేరు గౌరి. వరదకి గట్టు మీద మూడు రోజులుంది." ఇలా ఉంటే చాలు. భాషని మనం దిద్దొద్దు. "ఏటిగట్టు", "ఎర్రనీళ్ళు", "పోటు", "పాటు" లాంటి మాటలు పిల్లల నోట వస్తాయి. అవి పుస్తకంలో ఉండాలి. అక్షరదోషాలు టీచరు చూసుకుంటారు.

కొన్ని జాగ్రత్తలు

నెట్ మీద ఆధారపడి పాఠం పెట్టుకోకూడదు. వానాకాలంలో కరెంటే ఉండదు, ఇక సిగ్నల్ ఎక్కడిది? కావాల్సినవి ముందే దించి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవాలి. కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తెలుగు వికీపీడియా మొత్తాన్నీ ఆఫ్‌లైన్‌లో చదువుకోవచ్చు.

యూట్యూబ్‌ని నేరుగా తరగతిలో నడిపితే మధ్యలో ఏ ప్రకటన వస్తుందో, తర్వాత ఏ వీడియో మొదలవుతుందో చెప్పలేం. ఆటోప్లే ఆపాలి, ముందురోజే మొత్తం చూసి ఉండాలి. ఏదో సాఫ్ట్‌వేర్‌తో వీడియోలు దించేసి అందరికీ పంచడం మంచిది కాదు. పంచుకోవడానికి అనుమతి ఉన్నవే పంచుదాం. స్టోరీవీవర్ కథల్ని, వికీపీడియా వ్యాసాల్ని వాటి పేరు చెప్పి పంచుకోవచ్చు, మార్చుకోవచ్చు కూడా.

తెలుగు వికీపీడియా 2003లో మొదలైంది. మన ఊళ్ళ పేర్లతో అందులో పేజీలున్నాయి. పిల్లలకి తమ ఊరి పేజీ చూపించి, "ఇందులో ఏది సరైంది, ఏది కాదు, ఏది రాయలేదు?" అని అడగండి. నెట్‌లో ఉన్నదంతా మనుషులు రాసిందేనని, సరిచూసుకోవాలని అంతకంటే బాగా నేర్పే పాఠం లేదు.

ఇక పిల్లల ఫొటోలు. బడికి వెళ్ళొచ్చి స్టేటస్‌లో పెట్టే అలవాటు మనకుంది. తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లల మొహాలు, పేర్లు పెట్టకండి. చేసిన ముగ్గు ఫొటో పెట్టండి, చాలు.

మరి మనం చేసేదేంటి?

ఎన్ఎస్ఎస్ అనో, కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు అనో మనం ఊళ్ళకి వెళుతూనే ఉంటాం. బ్యానర్ పట్టుకుని, ఒక పూట ప్రసంగం ఇచ్చి వచ్చేస్తే ఎవరికీ ఉపయోగం లేదు. పాఠం చెప్పేది టీచరుగారే. ఏ పిల్లకి ఏం వచ్చో, ఎవరు పొద్దున తినకుండా వచ్చారో ఆవిడకి తెలుసు, మనకి తెలీదు. మనం చేయగలిగింది ఆవిడ టైము మిగల్చడం. అవి ఇవి:

మొదటిది, ఏరి ఇవ్వడం. ఒక పాఠానికి వంద లింకులు కాదు, రెండే. ఒక్కోటీ ఎన్ని నిమిషాలు, ఎక్కడ ఆపాలి, ముందు ఏం అడగాలి అని ఒక పేజీ కాగితం జత చేసి ఇవ్వాలి.

రెండోది, ఆఫ్‌లైన్ చేయడం. మన హాస్టల్ వైఫైతో దించి, బడి టీవీలో పనిచేస్తోందో లేదో అక్కడే పెట్టి చూపించి రావాలి. ఒక రాస్ప్‌బెర్రీ పై మీద కివిక్స్ పెడితే నెట్ లేని బడిలో కూడా చిన్న గ్రంథాలయం తయారవుతుంది. మనలో ఎవరికైనా ఇది వారాంతపు పని.

మూడోది, తెలుగు చేయడం. ఫెట్ సిమ్యులేషన్లని వాలంటీర్లు అనువదించే ఏర్పాటు ఉంది. స్టోరీవీవర్‌లో కథల్ని ఎవరైనా అనువదించొచ్చు. మనది తెలుగు సాహిత్య సంఘం కదా! "త్రీ ఫోర్త్స్" అన్నచోట "ముప్పావు" అని రాయాలన్న ఆలోచన మనకి కాకపోతే ఎవరికి వస్తుంది? గూగుల్ అనువాదానికి రాదు.

నాలుగోది, చేత్తో చేయించడం. ఈ పనిలో మనకంటే ముందు నడిచిన ఇంజనీరు ఒకాయన ఉన్నారు. అరవింద్ గుప్తా. ఐఐటీ కాన్పూర్‌లో ఇంజనీరింగ్ చదివి, టెల్కోలో ఉద్యోగం చేస్తూ, 1978లో సెలవు పెట్టి మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ సైన్స్ కార్యక్రమంలో పనిచేశారు. ఆ తర్వాత జీవితమంతా అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్‌ట్యూబు, పాత సీసాలతో సైన్స్ బొమ్మలు చేస్తూ వచ్చారు. 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆయన వెబ్‌సైట్‌లో ఆ బొమ్మలు, పుస్తకాలు, చిన్న వీడియోలు అందరికీ ఉచితంగా ఉన్నాయి. ఆయన వీడియోల్లో తెర మీద చూసింది వెంటనే చేతుల్లోకి వస్తుంది. మనం మూడో ప్రశ్నగా అడిగింది అదే.

ఈ పాఠాన్ని వరద రోజుల్లో చెప్పలేం. అప్పుడు బడులకి సెలవులు, కొన్ని బడులే పునరావాస కేంద్రాలు. జూన్‌లో బడి తెరిచిన వారం నుంచి జూలై మొదటి వారం దాకా మనకి దొరికే సమయం నాలుగు వారాలే. మీ ఊరి ప్రాథమిక బడి టీచరుగారిని ఈ సెలవుల్లోనే ఒకసారి కలవండి. పాఠం మొత్తం చెప్పక్కర్లేదు. "మేడమ్, ధవళేశ్వరంలో ఎంతొస్తే మన రేవు మునుగుతుందండీ?" అని అడగండి. ఆవిడకి తెలిస్తే రాసుకోండి. తెలీకపోతే ఇద్దరూ కలిసి పడవ రేవుకి వెళ్ళి కనుక్కోండి. చార్టులో మొదటి వరస అదే అవుతుంది.